టిక్కెట్టు తెగని స్టాపు

పోయినవి లెక్కపెడితే ఒక బస్సు స్టాపు, ఒక స్వీపరు పని, నా లెక్క మీద నాకున్న నమ్మకం. రాయగడలో తెగిన టిక్కెట్లను బట్టి జనం ఎటు నుంచి ఎటు తిరుగుతారో చూపించే నమూనాను కంప్యూటరులో నేనే సొంతంగా తయారుచేశాను. అది చూసి బస్సుల యజమాని, టిక్కెట్లు తెగని ఏడు స్టాపులను ఎత్తేశాడు.

కోరాపుట్ వెళ్ళే బస్సులో పక్క సీటావిడ అంది: "మా స్టాపు తీసేసేరు బాబూ. నడిసెల్తే ఆలస్యమై ఆస్పత్రిలో ఊడ్సే పని పోయింది. అక్కడేదైనా దొరుకుద్దేమోనని ఎల్తన్నాను."

"ఆ స్టాపులో టిక్కెట్లే తెగలేదమ్మా."

"ఏటి తెగుతాయి? సగం డబ్బులు కండక్టరు సేతిలో పెట్టి ఎక్కుతాం. టిక్కెట్టడిగితే మొత్తం ఇమ్మంటాడు. రోజూ ఎక్కడ తెస్తాం?"

నేనెవరో చెప్పలేకపోయాను. తరవాత ఎంత బతిమాలినా యజమాని ఆ స్టాపు తిరిగి పెట్టలేదు. ఎత్తేసిన మిగతా ఆరు చోట్లా అలా ఎక్కినవాళ్ళు ఎందరో, ఆ సంఖ్య ఈ రోజుకీ నేను బాకీ.