నాయన పంచెలో వడకట్టిన డీజిల్

మొన్న ఉదయగిరి నుంచి ఆత్మకూరు వస్తుంటే, దుత్తలూరు దాటాక మా అబ్బాయి పాత డీజిల్ కారు ఉన్నట్టుండి కుదుపులు మొదలుపెట్టింది. నిలబెడితే ఇంజను బాగానే ఆడుతోంది, కాస్త ఎత్తు వస్తే చాలు లాగలేక బండంతా వణుకుతోంది. వాడు విసుక్కుంటూ ఫోను తీశాడు గానీ నాకు మాత్రం ఆ రోజే గుర్తొచ్చింది. పెళ్లయిన కొత్తలో ఇదే దారిలో, ఇలాంటి వణుకులోనే, నాయన తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

అప్పటి ఆ కారు మా అన్నది, సెకండ్‌హ్యాండ్‌లో కొని బాడుగకు తిప్పేవాడు. మన కాలం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మెట్ట ఊళ్లలో బావి ఇంజన్ల కోసం డీజిల్‌ను పీపాలో తెచ్చి పెట్టుకునేవాళ్లం. మా ఇంట్లో కారుకూ అందులోంచే పోసేవాళ్లు. పీపాలో తుప్పు ఉందని అమ్మకు భయం. మజ్జిగ మొదలు కషాయం దాకా ఏదైనా బట్టలో వడకట్టందే తృప్తి లేని మనిషి కాబట్టి, కొడుకు బండిలో నలక పడకూడదని నాయన పాత పంచెను మడతలు వేసి డీజిల్‌ను కూడా వడకట్టి ఇచ్చేది. ఆ చాదస్తానికి మేమంతా నవ్వుకునేవాళ్లం.

నాయనకు గుండెనొప్పి వచ్చిన రోజు నేను పుట్టింట్లోనే ఉన్నాను. ఆత్మకూరు ఆసుపత్రికి బయలుదేరితే సగం దారి కూడా రాకముందే కారు చచ్చుబడసాగింది. ఆగినప్పుడల్లా అన్న దిగి, లోపం ఎక్కడుందో తెలుసుకోవాలని ఇంజెక్టర్ పైపులు ఒక్కొక్కటే వదులు చేసి, దేన్ని విప్పితే శబ్దం మారడం లేదో చెవి పెట్టి వినేవాడు. తేడా ఏమీ తెలిసేది కాదు. డీజిల్ పంపును చేత్తో కొడితే కాస్త దూరం పోయి మళ్లీ మొరాయించేది. ఆత్మకూరు ఇళ్లు కనబడుతుండగా నాయన నా చేయి వదిలేశాడు.

దినాలు అయ్యాక అన్న డీజిల్ ఫిల్టరు విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. లోపలంతా నల్లబడిన నూలు పోగులు అట్టకట్టుకుని ఉన్నాయి. అవి ఏ పంచెవో ఇద్దరికీ తెలుసు. అన్న వాటిని గీకి తీసి పారేసి, “అమ్మకు మాత్రం చెప్పబాకమ్మా” అన్నాడు.

అమ్మకు మాత్రం కోపమంతా అన్న మీదే. “డొక్కు బండి కొనొద్దురా అని మొత్తుకుంటే ఇన్నావా? మీ నాయన్ని దోవలోనే చంపినావు గదరా” అని వచ్చినవాళ్లందరి ముందూ అనేది. అన్న అవునన్నట్టు తల వంచుకునేవాడు. కారు అమ్మేశాడు, మళ్లీ స్టీరింగ్ పట్టలేదు.

మొన్న మెకానిక్ ఏదో మిషను తగిలించి, నిమిషంలో లోపం కనిపెట్టి అందరికీ వినబడేలా చెప్పాడు. ఈ కాలంలో ఏ విషయంలోనైనా తప్పెవరిదో తేలాలి, తేలింది నలుగురికీ తెలియాలి. అమ్మ ఎప్పుడో పోయింది, అన్న పోయి కూడా ఏడాది దాటింది. ఇక ఎవరికీ బాధ లేదు గనుక ఇది రాస్తున్నాను. అమ్మ తన చివరి రోజు మంచినీళ్లు అడిగితే అన్నే పరుగున తెచ్చాడు. ఆవిడ ఆ గ్లాసును పక్కకు నెట్టి, నా చేతి నీళ్లు తాగింది. అప్పుడు కూడా అన్న ఆ పంచె సంగతి ఎత్తలేదు.