విత్తనానికి వదిలిన వరస

మా పక్కింటి పిన్నిగారు మొన్న మంగళవారం కన్నుమూశారు. ఆవిడ ఇంట్లో పనిచేసే రహమత్ నగర్ మనిషి పొద్దున్నే మా గేటు దగ్గర నిలబడి, "నిద్రలనే పోయిందమ్మా" అంది. నాకు ముందు ఏడుపు రాలేదు. డైసీలు గుర్తొచ్చాయి. ఎందుకో చెప్పాలి.

ఎనభైల్లో మేం జూబ్లీహిల్స్‌కి వచ్చేసరికి చుట్టూ బండరాళ్ళే. పిన్నిగారు మట్టి తోలించుకుని ఇంటి ముందు డైసీలు పెంచేవారు. దసరా వెళ్ళాక చల్లితే ధనుర్మాసానికి పూసేవి. తెల్ల రేకులు, నడుమ పసుపు. చామంతులా అని అడిగినవాళ్ళకి ఆ పూట కాఫీ ఉండేది కాదు. ఆ విత్తనం కూనూరులో ఉండే వాళ్ళక్క ఇచ్చింది. అక్క పోయాక ఆవిడకి మిగిలింది అదొక్కటే. అందుకే ఎప్పుడూ బెంగే. మబ్బు పడితే బెంగ, పట్టకపోతే బెంగ. మేకలొస్తాయేమోనని గేటుకి రెండు గొళ్ళేలు. ట్యాంకర్ రాని రోజున మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు కూడా పట్టుకెళ్ళేవారు.

ఒక ఏడు ఫిల్మ్‌నగర్ నుంచి సినిమావాళ్ళొచ్చి ఆ పూల మధ్య పాట తీశారు. సగంలో హీరోయిన్‌కి జ్వరం వచ్చి ఆగిపోయింది. మళ్ళీ వచ్చేదాకా పూలు ఇలాగే ఉండాలనీ, లేకపోతే పాట రెండు సగాలకీ పొంతన కుదరక కంటిన్యుటీ పోతుందనీ చెప్పి వెళ్ళారు. పిన్నిగారు మాటిచ్చేశారు. ఇక చూడాలి ఆవిడ అవస్థ. వాడిన పువ్వు కనపడితే చాలు, గోటితో గిల్లేయడమే.

"వదిలేస్తే మొక్క తన పని అయిపోయిందనుకుంటుందమ్మా, మళ్ళీ పూయదు" అనేవారు.

శివరాత్రి దాటాక సినిమావాళ్ళొచ్చారు. పూలు నిండుగా ఉన్నాయి, పాట పూర్తయింది. వారం తిరక్కుండా మొక్కలన్నీ ఎండకి మాడిపోయాయి. పిన్నిగారు మా ఇంటికొచ్చి వాకిట్లో కూలబడ్డారు. గిల్లి గిల్లి, విత్తనానికి ఒక్క పువ్వు కూడా వదల్లేదు.

"అక్క విత్తనం నా చేతులతోనే పోగొట్టుకున్నానమ్మా" అన్నారు. ఆ ముఖం చూడలేకపోయాను.

అప్పుడు ఆవిడ కళ్ళు మా గోడవారనున్న కుండీ మీద పడ్డాయి. తనిచ్చిన డైసీ మొక్కే. నేను నీళ్ళు పోయడం తప్ప దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు. పూలన్నీ మొక్కకే ఎండి, గింజ పట్టి గోధుమరంగు బొడిపెలై ఉన్నాయి. "నీ బద్ధకం చల్లగుండ" అంటూ పిన్నిగారు ఏడుస్తూనే నవ్వారు.

ఆ తర్వాత ఏటా ఒక వరస విత్తనానికే. గింజ గాలికి పోకుండా ఎండిన పువ్వు పువ్వుకీ వాయిల్ చీర పేలిక కట్టేవారు. ఆ వరస దగ్గరికి నన్ను తప్ప ఎవర్నీ రానిచ్చేవారు కాదు. "నువ్వైతే ఫర్లేదు, ఏమీ చెయ్యవుగా" అనేవారు.

మంగళవారం నేను వెళ్ళేసరికి ఇంటినిండా చుట్టాలు. పనిమనిషి కొడవలి పట్టుకుని ఆ వరస ముందే నిలబడి ఉంది.

"కుర్చీలు ఎయ్యాల్నట. ఎండినయే గదా, కోసెయ్యమన్నరమ్మా."

వెళ్ళి వరసకి అడ్డంగా కూర్చున్నాను. పేలికలు గాలికి కదులుతున్నాయి. చివరి పువ్వుకి మాత్రం కట్టలేదు. దాని పక్కన మట్టిలో పేలికా, దారమూ పడి ఉన్నాయి. ముందురోజు సాయంత్రం చీకటి పడి పిన్నిగారు ఆపేసి ఉంటారు. తీసి కట్టబోయాను. గింజ రాలిపోతుందేమోనని ఊపిరి బిగబట్టాను. గాలికి పేలిక ఎగిరిపోయి ముడి పడలేదు.

పనిమనిషి కొడవలి కింద పెట్టి, నా పక్కన కూర్చుని, ముడి పడేదాకా రెండు చేతులూ గాలికి అడ్డం పెట్టింది.