మామిడి సీసా

మా పెద్దనాన్న ముక్కు ముసునూరు చుట్టుపక్కల తోటలవాళ్లందరికీ తెలుసు. కాయ మాగేసిన గదిలోకి వెళ్లి, వరిగడ్డి కాస్త పక్కకి జరిపి, ఒక పండు తీసి ముచ్చిక దగ్గర వాసన చూసేవాడు. "రేపు పొద్దున కట్టండి" అనో, "రెండ్రోజులాగండి" అనో చెప్పేవాడు. ఆ మాట మీదే పెట్టెలు కట్టేవాళ్లు. పక్క తోటలవాళ్లు కూడా బండి వేసుకొచ్చి ఆయన్ని ఎక్కించుకుపోయేవాళ్లు. నాన్న ఉద్యోగం ఊళ్లు తిరిగేది కావడంతో నేను పదో తరగతి దాకా పెద్దనాన్న ఇంట్లోనే పెరిగాను.

ఇప్పుడు నేను మెదడు జబ్బుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. చేతులు వణకడం, నడక నెమ్మదించడం మొదలవడానికి చాలా ఏళ్ల ముందే కొంతమందికి వాసన తెలియకుండా పోతుంది. ఆ సంగతిని పల్లెల్లో, తేలిగ్గా, ఖర్చు లేకుండా ముందే కనిపెట్టగలమా అన్నది నా పని. విదేశాల్లో దీనికి సీసాల పెట్టె ఒకటి ఉంది. అందులో మనవాళ్లు ఎప్పుడూ చూడని పళ్ల వాసనలుంటాయి. వాటిని తీసేసి మల్లె, ఇంగువ, నిమ్మ, కర్పూరం, లవంగం, మామిడి లాంటివి పెట్టి కొత్త పెట్టె తయారుచేశాను. ఒక్కో సీసా ముక్కు దగ్గర పెట్టి నాలుగు పేర్లు చదువుతాను. వాళ్లు ఒకటి చెప్పాలి. సరైన పేరు చెబితే ఒక మార్కు.

దాన్ని ముందుగా ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల మీద చేసి చూడాలి. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు బెరుకు. అందుకే ఊరికి వచ్చాను.

"మే నెలలో, మామిడి ఊళ్లో, వాసన పరీక్షా?" అని మా గైడ్ మేడమ్ ఫోన్లో నవ్వారు. నిజమే, ఇల్లంతా పండు వాసనే. కాయ వాసన రాని చోటు కోసం వెతికి చివరికి ఊరి గ్రంథాలయంలో ఒక గది అడిగాను. చిన్నప్పుడు ఎవరూ పలకరించకుండా ఉంటారని నేను సాయంత్రాలు దాక్కున్న గది అది. పెద్దనాన్న రెండు రోజులు తన బండి మీద ఒక్కొక్కరినీ తెచ్చి దింపాడు.

అంతా బాగానే సాగింది, మామిడి సీసా దగ్గర తప్ప.

మొదట వచ్చిన ముసలమ్మగారు సీసా వాసన చూసి నా వైపు జాలిగా చూసింది. "ఇదేం మామిడే అమ్మాయ్? జ్యూసు డబ్బా వాసన."

"ఈ నాలుగిట్లో ఏదో ఒకటి చెప్పాలండీ."

"రసమో బంగినపల్లో అడుగు, చెప్తా. ఊరికే మామిడంటే ఎట్టా?"

తర్వాత వచ్చినాయన అది పిల్లలు చప్పరించే బిళ్ల అన్నాడు. ఇంకొకాయన సీసాని వెలుతురుకి ఎత్తి చూసి, "దీన్ని కొన్నావా? ఎవడో నిన్ను మోసం చేశాడు తల్లీ. రేపు మా తోటకి రా, అసలుది పట్టిస్తా" అన్నాడు. చివరికి అందరూ నా మీద దయతలచి "సరే, మామిడే రాసుకో" అన్నారు. నేను రాసుకున్నాను. సీసా పనికిరాదని మనసులో అనుకున్నాను.

అందరూ వెళ్లిపోయాక పెద్దనాన్న కూర్చున్నాడు. మల్లెని నిమ్మ అన్నాడు. కర్పూరం చెప్పాడు, అది వాసన తెలియకపోయినా ముక్కుకి చల్లగా తగులుతుంది. ఇంగువ దగ్గర చాలాసేపు ఆగి లవంగం అన్నాడు. మామిడి సీసా పెట్టానో లేదో, "మామిడి" అన్నాడు.

"పాసయ్యానా?"

"ఇందులో పాసు, ఫెయిలు ఉండవు పెద్దనాన్నా."

"అంటే తప్పానన్నమాట" అని నవ్వుతూ బండి తీశాడు.

జలుబేమో అనుకున్నాను. సాయంత్రం అరుగు మీద కూర్చుని డైరీ రాస్తున్నప్పుడు, ఆ రెండు రోజుల్లో ఎవరెవరు ఏమన్నారో వరసగా రాస్తూ పెద్దనాన్న మాట దగ్గర కలం ఆగింది. మా ఊళ్లో ఆ సీసాని చూసి పోట్లాడకుండా ఒప్పుకున్నది ఆయనొక్కడే. ఈ చుట్టుపక్కల అందరికన్నా మంచి ముక్కు ఆయనది.

బీరువాలోంచి పాత డైరీలు తీశాను. సెలవులకి వచ్చినప్పుడల్లా రాసుకున్నవి. మూడేళ్ల కిందటి పేజీలో ఒకచోట ఇలా ఉంది: "ఇవాళ పప్పు మాడింది. నేనూ పెద్దమ్మా మొహాలు చూసుకున్నాం. పెద్దనాన్న ఏమీ అనకుండా తిన్నాడు. ఎంత మంచివాడో." ఆ చివరి వాక్యం మళ్లీ మళ్లీ చదివాను.

మర్నాడు కాయ గది తలుపు దగ్గర నిలబడి చూశాను. పెద్దనాన్న గడ్డి జరిపి పండు తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు కూడా. తర్వాత బొటనవేలితో మెల్లగా నొక్కి పక్కనున్న పెద్దమ్మకి ఇచ్చాడు. ఆవిడ వాసన చూసి తల అటూ ఇటూ ఊపింది. "రెండ్రోజులాగండి" అని ఆయన గది బయట ఉన్నవాళ్లకి వినపడేలా చెప్పాడు.

మేడమ్‌కి ఫోన్ చేశాను. "నువ్వు ఆయన డాక్టరువి కాదు" అన్నారు. "వయసు వల్ల పోవచ్చు, సైనస్ వల్ల పోవచ్చు, పాత జ్వరం వల్ల కూడా పోవచ్చు. ఏ జబ్బు పేరూ ఎత్తకు. సొంతవాళ్ల మార్కులు లెక్కలోకి తీసుకోకూడదు కాబట్టి ఆ కాగితం పక్కన పెట్టు. కానీ డాక్టరుకి చూపించడం మటుకు మానకు."

చెప్పడం ఎలాగో తెలియలేదు. చిన్నప్పుడు నాకేమైనా కావాలంటే చీటీ రాసి ఆయన జేబులో పెట్టేదాన్ని. ఇప్పుడూ ఒక చీటీ రాశాను. చించేశాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన మంచం పక్కన కూర్చున్నాను.

"పెద్దనాన్నా, అది మామిడని ఎట్లా చెప్పావు?"

"కాదా?"

"అవును. కానీ అందరూ అది మామిడి కాదని నాతో పోట్లాడారు. నువ్వొక్కడివే పోట్లాడలేదు."

"అందరూ బయటికొచ్చి చెప్పుకున్నార్లే, నీ దగ్గర దొంగ మామిడి ఉందని. సీసా రంగు చూసి అదే అనుకున్నా."

వంటగదిలోంచి పెద్దమ్మ వచ్చింది. "ఇప్పుడైనా చెప్పండి దానికి. మూడేళ్ల నుంచీ ఆ గదిలో గడ్డి దుమ్ముకి తుమ్మలేక చస్తున్నా."

"నువ్వూరుకో."

"ఎందుకూరుకోవాలి? గ్యాసు లీకైతే తెలియలేదు మీకు."

పెద్దనాన్న లేచి కూర్చున్నాడు. గొంతు తగ్గించి నాతో అన్నాడు: "ముక్కు పోయిందని తెలిస్తే ఇంక పండు చూడమని నన్నెవరు పిలుస్తారే?"

"విజయవాడలో డాక్టరుకి చూపిద్దాం" అన్నాను.

"కాయ అయిపోనీ."

"కాదు. సోమవారం."

నేను ఆ ఇంట్లో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి. పెద్దమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. పెద్దనాన్న నా మొహం చూసి, "అబ్బో" అన్నాడు. కాదనలేదు.

సోమవారం డాక్టరుగారు ఆయన్ని నడిపించారు, వేళ్లు టకటకా ఆడించమన్నారు, ఒక వాక్యం రాయించారు, నిద్ర ఎలా పడుతుందని పెద్దమ్మని అడిగారు. ముక్కు డాక్టరు దగ్గరకి కూడా పంపారు. ఇప్పుడే ఏమీ చెప్పలేమనీ, ఆర్నెల్లకోసారి వచ్చి కనపడమనీ చివరికి అన్నారు. పెద్దనాన్న దాన్ని మంచి వార్తగా తీసుకున్నాడు. నేను సగం మాత్రమే తీసుకున్నాను.

ఆ వారం చాట్రాయి నుంచి ఒకాయన పండు చూడమని బండి వేసుకొచ్చాడు. పెద్దనాన్న చొక్కా వేసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. పెద్దమ్మ వైపు తిరిగి, ఆ వచ్చినాయన వింటుండగానే, "ఏమే, నువ్వూ రా. నా ముక్కు పనిచేయట్లా" అన్నాడు.

బండాయన నవ్వాడు, హాస్యమనుకుని. పెద్దనాన్న నవ్వకపోయేసరికి ఆయనా ఆపేశాడు. "అయితే ఇద్దరూ రండి. నొక్కి చూసేది మీరేగా" అన్నాడు. పెద్దమ్మ చీర మార్చుకోవడానికి లోపలికి పరిగెత్తింది.

వాళ్లు వెళ్లాక నేను పెట్టె తెరిచి కూర్చున్నాను. తీసేయాలనుకున్న మామిడి సీసాని మళ్లీ దాని చోటులోనే పెట్టాను. మార్కుల కాగితంలో ఆ పేరు పక్కన కొత్తగా ఒక గడి గీశాను, వాళ్లు ఒప్పుకోకముందు ఏమన్నారో రాయడానికి.