గాలి లేని రాత్రి పాడిన స్తంభాలు

నేను పొద్దున్నే దీపం పెట్టుకునే స్వామి ఎదుట నిలబెట్టి అడిగినా ఇదే చెబుతాను. ఒక్క ముక్క కల్పించలేదు. నవ్వేవాళ్ళు నవ్వండి... మేమూ ఆ రాత్రి చాలా నవ్వుకున్నాం. భయపడ్డాక.

అప్పట్లో మా ఇల్లు ఒరియా గడ్డ మీద, చమఖండి దగ్గర, రేవులో దిగిన సరుకు పెట్టే యార్డు గోడ పక్కనే. మా ఆయన ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర గుమాస్తా. విదేశం నుంచి వచ్చిన సరుకు ఏ పద్దు కిందికి వస్తుందో చూసి కస్టమ్స్ కాగితాలు రాయడం ఆయన పని. రెండేళ్ళు ఖాళీగా తిరిగాక దొరికిన ఉద్యోగం. చేరి మూడు నెలలు కాలేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే చాలు, నా చేతులు వాటంతటవే దండం పెట్టేవి.

ఆ వారం కరెంటు స్తంభాలు వచ్చాయి. పొడుగాటి కర్రలు, చెద పట్టకుండా నల్లటి మందు నూనె పట్టించినవి. రైలు పట్టాల కింది చెక్కల వాసన... ఇల్లంతా అదే. నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలు మా నాన్న ఇంట్లోనే దిద్దించాడు. కస్టమ్స్ చదువు మాత్రం మా ఆయన అన్నం తింటూ నేర్పాడు. బెరడు తీసి మందు పట్టించినా అది ఇంకా ముడి కలపే. కానీ బోల్టు కోసం రంధ్రం తొలిచారా, అడ్డకర్ర కూర్చోడానికి గాడి చెక్కారా... ఇక అది తయారైన సామాను. పద్దు వేరు, సుంకం వేరు.

ఆయన పై వరసలు చూశాడు. రంధ్రాలు లేవు. మొత్తం ముడి కలపేనని రాసేశాడు. తెల్లారితే అధికారి ముందు సంతకం. తప్పని తేలితే ఆ ఉద్యోగం ఉండదు.

ఆ రాత్రి... ఇంటి పక్కన కొండలా కరెంటు స్తంభాలున్నాయి గానీ, కరెంటు లేదు. ఒకటే ఉక్క. దండెం మీద చీర అంచు కూడా కదలడం లేదు. అప్పుడు వినిపించింది.

హూ... మ్...

ఖాళీ సీసా మూతి దగ్గర ఎవరో ఊదినట్టు. ఆగింది. మళ్ళీ...

"ఏటండీ, ఇన్నారా?"

"కప్పలే. పడుకో."

"కప్పలు రాగం తీస్తాయేటండీ?"

ఆయన లేచాడు. గేట్ బజార్‌లో కొన్న టార్చి తీసుకున్నాడు. స్వామి పేరు తలుచుకుంటూ, ఆయన చొక్కా పట్టుకుని నేనూ వెనకే వెళ్ళాను.

యార్డు కాపలా మా అప్పన్న మావది, నాకు మేనమామ వరస. సముద్రం మీద తుఫానులు చూసిన మనిషి. దుప్పటి నెత్తి మీదుగా కప్పుకుని వణుకుతున్నాడు.

"వచ్చారా తల్లీ! నాకొక్కడికే ఇనిపిత్తందనుకున్నాను."

"ఏటి మావా అది?"

"దెయ్యమే. అల్లుడూ, నువ్వే సెప్పు. దీన్నే పద్దులో రాస్తావు? ముడి సరుకా, తయారైన సామానా?"

"ఊరుకో మావా!" అన్నాడు మా ఆయన. కానీ నవ్వేశాడు. నాకూ నవ్వాగలేదు.

హూ... మ్...

నవ్వు ఆగిపోయింది. స్తంభాల దొంతర వెనక, సముద్రం వైపు, టార్పాలిన్ కింద నుంచి. మేం నడిస్తే పాడింది. నిలబడితే ఆగింది. మా ఆయన టార్పాలిన్ అంచు ఎత్తాడు.

నిశ్శబ్దం.

నేను చేయి చాచాను. ఎందుకు చాచానో ఇప్పటికీ తెలియదు. కర్ర వెచ్చగా ఉంది. లోపల... సన్నటి వణుకు. నిద్రపోయే పసిబిడ్డ గుండె మీద చేయి వేసినట్టు. నెమ్మదిగా జరిపాను. ఇంకొంచెం... నా వేలు లోపలికి దిగిపోయింది.

కెవ్వుమన్నాను. ఆయన టార్చి ఇటు తిప్పాడు. గుండ్రటి రంధ్రం. ఈ పక్క నుంచి ఆ పక్కకి. పక్క కర్రకీ ఉంది. దాని పక్కదానికీ. గాడి కూడా చెక్కారు. వెనక వరసలన్నీ అంతే!

మా ఆయన ఇసకలో కూలబడ్డాడు. "ఓలమ్మో... సంతకం ఎట్టేసుంటే!" అని, లేచి, మావ ముందే నన్నెత్తి గిరగిరా తిప్పేశాడు. సిగ్గుతో చచ్చాను.

"కానీండి, నాకు సీకట్లో ఏటీ అవుపించదు," అన్నాడు మావ.

ఆయన లాంతరు ముందు కాగితాలు మళ్ళీ రాశాడు. రంధ్రాల్లేనివి ఒక పద్దు, ఉన్నవి ఇంకోటి. నేను టీ కాచాను. ముగ్గురం తెల్లారేదాకా నవ్వుతూనే ఉన్నాం. పొద్దున అధికారి రాగానే అడిగింది ఏమిటనుకున్నారు? వెనక వరస విప్పమని! చూశాడు. కాగితం చూశాడు. తలూపి ముద్ర వేశాడు.

రంధ్రాల్లో గాలి మోగిందంటాడు మా ఆయన. గాలేదీ? మర్నాడు మావ ఒక రంధ్రానికి నోరు పెట్టి బుగ్గలుబ్బించి ఊదాడు. ఫుస్... అంతే. మందు నూనె అంటి మావ మూతి నల్లగా అయిందని యార్డంతా నవ్వింది.

ఆ స్తంభాలు ఇప్పుడు పురుషోత్తంపూర్ వైపు పొలాల్లో నిలబడి ఉన్నాయి. ఒకసారి అటు వెళ్తున్నప్పుడు బస్సు ఆగితే, దిగి ఒకదానికి చెవి ఆనించాను. జుమ్మని మోగుతోంది. అది తీగల మోత, ఎవరికైనా వినిపిస్తుంది. ఆ రాత్రి విన్నది అది కాదు. కండక్టరు ఒరియాలో కేకలేస్తున్నాడు. నేను ఆ కర్రకే రెండు చేతులా దండం పెట్టి, పరుగున వచ్చి బస్సెక్కాను.

ఎవరికి పెట్టానో... నాకే తెలీదు.