చీటీ లేని చిలుం

మా ఆదోని పేటలో ఒక మాట తిరుగుతూ ఉంది. దూది మిల్లు గేటు నరసన్న పాత చిలుంలు కడిగేది వాటిలో జొన్నగిరి వజ్రం దొరుకుతుందని ఆశపడేనట. ఆ మాట అబద్ధం. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, అది పుట్టింది నా నోట్లోనే.

నరసన్న మా ఎదురింటి మనిషి. ఇరవై ఆరేళ్ళు మిల్లు గేటు దగ్గర నిలబడ్డాడు. దూది ఉన్నచోట నిప్పురవ్వ పడితే ఏమవుతుందో ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పనక్కరలేదు. అందుకని లోపలికి పోయే ప్రతి కూలివాడి నడుమూ తలగుడ్డా తడిమి, బీడీలు, అగ్గిపెట్టెలు, చిలుంలు లాక్కోవడం ఆయన పని. లాక్కున్న చిలుం అందరి ఎదుటా పగలగొట్టాలని మేనేజరు ఆర్డరు. మొదట్లో అలాగే పగలగొట్టేవాడు. తరువాత ఎందుకో మానేసి, గుట్టుగా ఒక గోనెలో వేస్తూ వచ్చాడు. మన రాష్ట్రం పేరు మారిన మరుసటి ఏడు పనిలోంచి దిగిపోయి, ఆ గోనె నెత్తిన పెట్టుకుని ఇల్లు చేరాడు.

ఆ గోనెలో ఏముందో తెలియకపోతే నాకు అన్నం దిగదు. పోయాను.

"రా తిమ్మక్కా, రా. ఇంకా రాలేదేమా అనుకుంటాండా" అన్నాడు నరసన్న.

అరుగు మీద తొంభై దాకా చిలుంలు పోసి ఉన్నాయి. చూడనివాళ్ళకు చెబుతున్నాను, చిలుం అంటే జానెడు మట్టి గొట్టం. పైన పొగాకూ నిప్పూ, అడుగున తడిగుడ్డ చుట్టి పీలుస్తారు. పొగాకు నోట్లోకి జారకుండా లోపల శనగగింజంత రాయి వేస్తారు. గొట్టం పగిలితే సంతలో ఇంకొకటి కొంటారు గాని, రాయిని మాత్రం పారెయ్యరు. తాత రాయి మనవడి చిలుంలో ఉండడం మామూలే.

నరసన్న వాటిని పిడకల నిప్పులో కాల్చి, లోపలి జిడ్డు బూడిదయ్యాక బయటికి తీసేవాడు. గుడ్డపేలిక ఒక కొస కాలి బొటనవేలికి కట్టుకుని, రెండో కొస చేత్తో బిగించి, చిలుంను ఆ పేలిక మీద కిందికీ పైకీ ఆడించేవాడు. చివరికి ఎండకు ఎత్తి, ఒక కన్ను మూసి చూసేవాడు. గొట్టంలోంచి వెలుతురు తెల్లగా కనబడితే శుభ్రమైనట్టు. మిల్లులో దూది బేళ్ళకు చుట్టే ఇనపపట్టీ తునకలు వంచి కొక్కేలు చేశాడు. పాత తలుపు చెక్క ఒకటి చిత్రిక పట్టి, తొమ్మిది వరసలు కొక్కేలు కొట్టి, వీధి గోడకు నిలబెట్టాడు. ఎవరిది వాళ్ళు చూసి, గుర్తుపట్టి తీసుకుపోవాలని.

నేను నాలుగో తరగతి దాకా చదివానని చీటీలు నాచేతనే రాయించాడు. ఎవరిదో, ఏ ఊరో ఆయనకు అంతా గుర్తే. "ఇది నందవరం మాదన్నది, తలగుడ్డలో దొరికింది, రాయక్కా. ఇది ఆస్పరి సుబ్బన్నది." రాస్తూ పోయాను. ఒకదాని దగ్గర ఆగిపోయాడు. పై వరసలో మొదటి కొక్కేనికి తగిలించినది. మెడకు ఇత్తడి పట్టీ, ఒంటినిండా తీగ చెక్కడం, ఏడెనిమిది తునకలను లక్కతో అతికించిన గీతలు.

"దీనికేం రాయాలప్పా?"

"దానికొద్దు."

"ఎవరిదో సెప్పు, రాస్తా."

"వద్దంటి గదక్కా. లక్క నిప్పుకు నిలబడదు, అది ఎవరికీ పనికిరాదు."

పనికిరాని దాన్ని మొదటి కొక్కేనికి ఎందుకు తగిలించాడు? ఆ ప్రశ్న నన్ను వారం రోజులు తిన్నది.

జనం రాసాగారు. మొదట వచ్చినవాడు హమాలీ రంగన్న. తన చిలుం చేతికిస్తే తిప్పి తిప్పి చూసి, "ఇది నాది గాదన్నా. నాది నల్లగ ఉండె" అన్నాడు.

"నువ్వు పదేండ్లు కడక్కపోతే నల్లగైంది. మట్టి ఎర్రగానే ఉంటాది. రాయి సూసుకో."

రంగన్న రాయిని అరచేతిలోకి ఒంపుకుని, మూరెడు నవ్వు నవ్వాడు. "మా మామ రాయి! పెండ్లిలో ఇచ్చింది ఇదొక్కటే గదా!"

అంతా బాగానే జరుగుతూ ఉండింది. ఒకనాడు కొళాయి దగ్గర హులిగమ్మ అడిగింది, "ఏమక్కా, మీ నరసన్న గొట్టాలను ఎండకెత్తి ఏం సూస్తాండాడు?" అని. నిజం నాకు తెలుసు. అయినా నోరు ఊరుకుంటుందా? "జొన్నగిరి చేలల్లో వజ్రాలకని రాళ్ళు ఏరేవాళ్ళు అట్లే గదా సూసేది!" అన్నాను. బిందెలన్నీ నవ్వాయి. నేనూ నవ్వాను.

మూడోనాటికి ఆ నవ్వు పోయి మాట మిగిలింది. నరసన్న పొద్దున పనిమీద బజారుకు పోయిన గంటలో పాతికమంది చెక్క మీద పడ్డారు. చీటీలు చింపేశారు. నాదంటే నాదని లాక్కుని, కొన్ని అక్కడే పగలగొట్టారు. హులిగమ్మ మొగుడు పొగ తాగనే తాగడు, వాడు మూడు పట్టుకుపోయి రోకలిబండతో పగలగొట్టి రాళ్ళు ఏరుకున్నాడు. నేను గడపలో నిలబడి అరిచాను గాని, ఎవరు వింటారు? ఒకసారి పగిలినదానిలో రాయి ఉండదనుకున్నారో ఏమో, లక్క అతుకుల చిలుం ఒక్కటే ఎవరూ ముట్టలేదు.

నరసన్న తిరిగి వచ్చాడు. చేట తెచ్చి పెంకులు ఎత్తాడు. నేనూ వంగి ఎత్తబోతే, "నీ చెయ్యి తెగుతాదక్కా, పో" అన్నాడు. ఆ మాట నాకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. వజ్రం మాట పుట్టించింది నేనేనని చెప్పాలని నోరు తెరిచి, మూసుకున్నాను.

చేసిన తప్పుకు ఏదో ఒకటి చెయ్యాలి. కనీసం ఆ ఒక్క చిలుం మనిషినైనా పట్టుకుందామనుకున్నాను. రంగన్నను అడిగితే వెంటనే చెప్పాడు: "ఇత్తడి పట్టీదా? నందవరం యేసేపుది. నా కండ్ల ముందరే నరసన్న గేటు రాతికేసి కొట్టినాడు. ఎనిమిదేండ్లైంది. యేసేపు ఆ పొద్దు పోయినోడు మళ్ళా పనికి రాలే. ఇప్పుడు ఎమ్మిగనూరులో నూలుకు రంగులేస్తాండాడు."

మరునాడే బస్సెక్కాను. యేసేపు మోచేతుల దాకా నీలిరంగుతో దొడ్డిలో నూలు పిండుతున్నాడు. నేనెవరో, ఎందుకు వచ్చానో చెప్పాను. పిండడం ఆపలేదు.

"నరసన్న పంపినాడా?"

"లేదు నాయనా, నేనే వచ్చినా. నీ చిలుం అతికించి పెట్టినాడు. వచ్చి తీసుకో."

"చిలుం పగలగొట్టేది ఆయన పనిలేక్కా. దానికి నేనేమీ అనుకోలే. అందులో మా నాయన రాయి ఉండె. జొన్నగిరి కాడ సేను దున్నుతాంటే మడకకు తగిలి దొరికిందంట. వజ్రమని మా నాయన, గులకరాయని మా అమ్మ. సచ్చేదాకా అదే కొట్లాట. ఎవరికన్నా సూపిద్దామంటే ఇద్దరూ ఒప్పుకోరు." నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. "అది పగిలినంక రాయి కనబడలే. మోకాళ్ళ మీద కూసోని గేటుకాడ దుమ్మంతా చేతులతో జల్లించినా. పొద్దు నెత్తి మీదికొచ్చేదాకా ఎతికినా. ఆయన అట్లే నిలబడి సూస్తా ఉండె. ఒక్క మాట అడిగిరా అక్కా, ఆ రాయి యాడికి పోయిందో. అది సెప్తే వస్తా. లేకుంటే ఆ గొట్టం నాకెందుకు?"

బస్సు దిగి ఇంటికి కూడా పోలేదు, నేరుగా ఎదురింటికి నడిచాను. నరసన్న బొటనవేలికి పేలిక కట్టుకుని, పగిలినవాటిలో అతికించగలిగినవి ముందేసుకుని కూర్చున్నాడు. ముందు నా తప్పు చెప్పుకున్నాను. వజ్రం మాట నాదే, కొళాయి దగ్గర నేనే అన్నాను అని. తల ఎత్తలేదు.

"తెలుసులేక్కా" అన్నాడు.

అప్పుడు అడిగాను. "యేసేపును సూసొచ్చినా. వాళ్ళ నాయన రాయి యాడికి పోయింది నరసన్నా?"

పేలిక ఆగింది. బొటనవేలి ముడి విప్పుకోవడానికి చాలాసేపు పట్టింది.

"యాడికీ పోలేదక్కా. నా కాలి కింద ఉండె. వాడు ఎతికినంతసేపూ నా కాలి కిందే ఉండె. జొన్నగిరిదని వాడు అంటాంటే వింటి, ఇంక కాలు ఎత్తలే. పగలగొట్టేది మేనేజరు సెప్పినాడు, కాలు ఎత్తొద్దని ఎవురు సెప్పినారు నాకు? మరుసటి దినం రాయచూరికి పోయి వజ్రాల సేటుకు సూపిస్తే నవ్వినాడు, వట్టి గులకరాయని. వజ్రమై ఉంటే అమ్ముకోని తిని ఊరకుండేవాడినేమో. ఆ చిలుంలోనే ఉంది, పోయి సూసుకో. నువ్వు మళ్ళా పోయి సెప్పొద్దు, నేనే పోయి సెప్తా. ఎమ్మిగనూరు బస్సు ఎన్ని గంటలకు తిమ్మక్కా?"