నాగదుర్గ తప్పొప్పుల పట్టిక

నాగదుర్గది ఉప్పలగుప్తం. పదిహేడేళ్ళుగా అమలాపురంలో పెదబాబు గారి ప్రెస్సులో కంప్యూటర్ ముందు కూర్చుని శుభలేఖలు, రొయ్యల మేత కరపత్రాలు, గల్ఫ్ వెళ్ళేవాళ్ళ బయోడేటాలు టైపు చేస్తోంది. వచ్చేపోయేవాళ్ళకి ఆవిడ పేరు తెలీదు. ఆ మూల కూర్చునే అమ్మాయి అంటారు. నలభై దాటినా అమ్మాయే. ఆ అమ్మాయి ఒక పగని చల్లారనివ్వకుండా కాపాడుకుంటోందని కట్టుకున్న మొగుడు సత్యానికి తప్ప ఎవరికీ తెలీదు. సత్యం కొబ్బరి దింపు పనికి వెళ్తాడు. ఆయన మాత్రం, "ఇంకా ఎన్నాళ్ళు మోస్తావే దాన్ని" అని అడిగి అడిగి మానేశాడు.

పగ రావు మాస్టారి మీద. పూర్తి పేరు సుబ్రహ్మణ్యేశ్వరరావు. ఇంగ్లీషు మాట్లాడ్డం నేర్పే కోచింగ్ సెంటర్ పెట్టి పెద్దవాడయ్యాడు. ఇక్కడ ఆయనకి గారు తగిలించడం లేదు, నాగదుర్గ తన మనసులో ఎన్నడూ తగిలించలేదు కనక.

పద్దెనిమిదేళ్ళ కిందట కువైట్‌లో ఒక ముసలావిడని చూసుకునే పని నాగదుర్గకి దాదాపు ఖాయమైంది. ఆ ఇంటివాళ్ళు ఫోన్లో ఇంగ్లీషులో నాలుగు మాటలు అడుగుతారు, జవాబు చెబితే చాలన్నారు. అందుకని రావు మాస్టారి క్లాసులో చేరింది. మొదటివారంలోనే ఆయన అందర్నీ లేపి తమ గురించి చెప్పమన్నాడు. నాగదుర్గ లేచి, "ఐ యామ్ మ్యారీడ్ విత్ సత్యం" అంది. మనం సత్యంతో పెళ్ళయింది అంటాం కదా, ఆ 'తో'ని అలాగే పట్టుకెళ్ళి ఇంగ్లీషులో దింపింది. విత్ కాదమ్మా, టు అనాలి అంటే సరిపోయేది. ఆయన అలా అనలేదు.

"సత్యంతో కలిసి ఇంకెవర్ని చేసుకున్నావమ్మా?" అన్నాడు.

క్లాసంతా గొల్లుమంది. అంతటితో వదిలాడా అంటే అదీ లేదు. ఆ రోజు నుంచి ఆవిడ పేరు విత్ అయిపోయింది. విత్ వచ్చిందా, విత్ బోర్డు తుడవాలి, విత్ లేచి చదవాలి. పందొమ్మిదో రోజున నాగదుర్గ క్లాసు మానేసింది. కువైట్ నుంచి ఫోను వచ్చినప్పుడు నోరు పెగల్లేదు. ఆ పని ఇంకెవరికో వెళ్ళిపోయింది. పని పోయినందుకు కాదు, ఫోను పట్టుకుని మూగదానిలా నిలబడినందుకు ఏడ్చింది.

తర్వాత ప్రెస్సులో చేరింది. కట్టలు కట్టడానికి తెచ్చే పాత ఇంగ్లీషు పేపర్లు కట్టకి వాడే ముందు చదివేది. ఒక పొడుగు నోట్‌బుక్కులో ఎడమ పక్క ఒక మాట, కుడి పక్క దాని వెంట రావాల్సిన చిన్నమాట రాసుకునేది. మన భాషలో కి, తో, లో మాట తోకకి అతుక్కుని వస్తాయి. ఇంగ్లీషులో ఆ చిన్నమాటలు విడిగా నిలబడతాయి, ఏ మాటకి ఏది జత అని అడిగితే కారణం చెప్పేవాడు ఉండడు. సంబంధాలు కుదిర్చేవాళ్ళు ఇంటింటి సంగతీ గుర్తుపెట్టుకున్నట్టు ఒక్కొక్క జతా గుర్తుపెట్టుకోవాలి. నాలుగు నోట్‌బుక్కులు నిండాయి. చదువు మీద ఇష్టంతో నిండాయనుకునేరు. ఒట్టి కక్షతో నిండాయి.

పోయిన వేసవిలో రావు మాస్టారు తన పుస్తకం రాతప్రతి తెచ్చి పెదబాబు గారి బల్ల మీద పెట్టాడు. ఇంగ్లీషులో ఏ మాట వెంట ఏ చిన్నమాట రావాలో చెప్పే పుస్తకం. వెయ్యి కాపీలు. మూలనున్న అమ్మాయి వంక చూడనైనా చూడలేదు. నాగదుర్గ టైపు మొదలుపెట్టింది. మూడో పేజీకి వచ్చేసరికి వేళ్ళు ఆగిపోయాయి. నవ్వుకోండి, నేర్చుకోండి అని పైన శీర్షిక. కింద ఉప్పలగుప్తం నుంచి వచ్చిన ఒక అమ్మాయి, ఆమె గల్ఫ్ ఆశ, ఆమె విత్. ఆ రోజు క్లాసు వరకే నవ్వారు, ఇప్పుడు వెయ్యి ఇళ్ళలో నవ్వుతారు. తన అవమానాన్ని తన చేత్తోనే టైపు చెయ్యాలి.

చేసింది. ఒక్క అక్షరం మార్చలేదు. ఆ ప్రెస్సు పద్ధతి అది. కాపీలో ఉన్నది ఉన్నట్టు కొట్టాలి. అనుమానం వస్తే ప్రూఫు అంచున పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టి, కింద పెదబాబు గారి పొట్టి సంతకం వేయించాలి. పని ఇచ్చిన పార్టీ ఒప్పుకుంటే మార్చాలి, ఒప్పుకోకపోతే పార్టీ ఆ గుర్తు కొట్టేసి సంతకం పెట్టాలి.

ఇరవయ్యో పేజీలో మొదటి తప్పు దొరికింది. డిస్కస్ ఎబౌట్ అని రాశాడు మహానుభావుడు. డిస్కస్ పక్కన ఏ చిన్నమాటా కూర్చోదు. తర్వాత సుపీరియర్ దాన్, అక్కడ రావాల్సింది టు. మొత్తం పదకొండు. ఆ మధ్యాహ్నం నాగదుర్గ క్యారేజీ మెతుకు మిగల్చకుండా తిన్నది.

గుర్తులు పెట్టకుండా వదిలేస్తే తప్పు తనదవుతుంది. పెదబాబు గారి సంతకంతో పెడితే మాస్టారు ఒకటికి రెండుసార్లు చూసుకుని దిద్దుకుంటాడు. అందుకని ఈసారి గుర్తుల కింద తన పేరు రాసుకుంటానని పెదబాబు గారిని అడిగింది. నీ ఇష్టమమ్మా అన్నారాయన. పదకొండు చోట్ల ప్రశ్న గుర్తు, పదకొండు చోట్ల 'నాగదుర్గ, ఆపరేటర్'. టైపు కొట్టే మనిషి పేరు కనిపిస్తే మాస్టారు చూడకుండానే కొట్టేస్తాడు. ఆయన తత్వం నాగదుర్గకి తెలిసినంతగా వాళ్ళావిడకి కూడా తెలిసి ఉండదు.

మూడో రోజున ప్రూఫులు వచ్చాయి. పదకొండు గుర్తుల మీదా ఎర్ర గీతలు, ప్రతి పేజీ కిందా సంతకం.

"మీ అమ్మాయికి టైపు వస్తే చాలండి. పాఠాలు నాకొదిలెయ్యమనండి" అన్నాడు మాస్టారు పెదబాబు గారితో.

"ఆయ్" అంది నాగదుర్గ మూలలోంచి. ప్రూఫులు కవర్లో పెట్టి సొరుగులో దాచింది.

పుస్తకం విడుదల ఘనంగానే జరిగింది. రాజోలు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ లెక్చరరమ్మ వేదిక మీదే పేజీలు తిప్పి, పిల్లల పుస్తకం కదా, ఇవి సరిచూడండి అని నెమ్మదిగా నాలుగు తప్పులు చదివింది. మాస్టారు మైకు అందుకుని అదంతా ప్రెస్సువాళ్ళ నిర్వాకం అన్నాడు. మర్నాడు పొద్దున్నే తన సెంటర్లో చదివే పిల్లల తండ్రుల్ని ముగ్గుర్ని వెంటేసుకుని ప్రెస్సుకి వచ్చి, టైపు చేసిన మనిషిని పనిలోంచి తీసెయ్యాలని పట్టుబట్టాడు.

నాగదుర్గ లేచింది. సొరుగు తీసి ఆ కవరు తండ్రుల చేతికిచ్చింది, మాస్టారికి కాదు. వాళ్ళు ఒక్కొక్క పేజీ తిప్పారు. పెన్సిలు గుర్తు, ఎర్ర గీత, సంతకం. ముగ్గురూ మాస్టారి వంక చూశారు. నాగదుర్గ కూడా చూసింది, కళ్ళు దించుకోలేదు. పద్దెనిమిదేళ్ళు ఆగిన చూపది. ఆవిడకి ఎంతో హాయిగా ఉంది.

"ఇప్పుడేం చేద్దామండీ?" అన్నారు పెదబాబు గారు.

చేసేదేముంది, ప్రతి కాపీలోనూ తప్పొప్పుల పట్టిక అంటించాలి. నాగదుర్గ అక్కడే కూర్చుని టైపు చేసింది. ప్రూఫు తీసి మాస్టారి ముందు పెట్టింది. పదకొండు వరుసల కింద పన్నెండో వరుస ఉంది. దాని పక్కన పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టింది.

'మూడో పేజీ. తప్పు: ఉప్పలగుప్తం నుంచి వచ్చిన ఒక అమ్మాయి. ఒప్పు: ఈ పుస్తకంలో పదకొండు తప్పులు చూపించిన నాగదుర్గ.'

మాస్టారు తలెత్తాడు. అప్పుడు గుర్తుపట్టాడు.

"నువ్వా" అన్నాడు.

"ఆయ్. విత్‌నేనండి" అంది. "ఒప్పుకుంటే సంతకం పెట్టండి. లేదంటే కొట్టెయ్యండి. ఇక్కడ పద్ధతి అదేనండి."

ఎర్ర పెన్ను ఆయన జేబులోనే ఉంది. ముగ్గురు తండ్రులూ దాని వంకే చూస్తున్నారు. "ఆవిడ చెప్పేవన్నీ నిజవే అయ్యేయి కదండీ, పెట్టెయ్యండి మరి" అన్నాడొకాయన. మాస్టారు సంతకం పెట్టాడు.

సాయంత్రం వెయ్యి చీటీలు తయారయ్యేదాకా తండ్రులు మాస్టారిని కదలనివ్వలేదు. అంటించే మనిషి ఆ రోజు సెలవు. నాగదుర్గ పుస్తకాల కట్టలు విప్పించి, తన బల్ల పక్కన ఒక స్టూలు వేసి, జిగురు డబ్బా మాస్టారి వైపు జరిపింది.