మేనల్లుడి పుట్టువెంట్రుకలు

భూపాలపల్లిలో విద్యుత్ కేంద్రం డ్యూటీ దిగడం, బస్సెక్కడం. ఆ ఏడాది నా వారపు సెలవులన్నీ అలాగే పోయాయి. ఒక వారం జనగామ దగ్గరి మా ఊళ్లో అమ్మ దగ్గరికి, మరో వారం మహబూబాబాద్‌లో చెల్లె ఇంటికి. తగవు రెండేళ్ల మేనల్లుడి పుట్టువెంట్రుకల గురించి.

వాడు నిమోనియాతో దవాఖానలో ఉన్నప్పుడు, తగ్గితే తలనీలాలు ఇప్పిస్తానని అమ్మ మా ఊరి ఎల్లమ్మకు మొక్కింది. చెల్లె పెళ్లయ్యాక చర్చికి వెళ్తోంది. ఆమె అదే మంచం పక్కన ఏసుకు ప్రార్థన చేసింది. నేను మందుల వేళలు చూసుకుంటూ కూర్చున్నాను. పిల్లవాడు కోలుకున్నాడు.

"మేనమామవు, మొదటి కత్తెర నీది. నువ్వే చెల్లెకు గట్టిగ చెప్పాలె," అనేది అమ్మ. మొక్కు తీరకపోతే జబ్బు మళ్లీ వస్తుందని ఆమెకు నిద్ర పట్టేది కాదు.

దేవుడి సంగతి ఎవరి ఇష్టం వారిదని నేను అనుకునేవాణ్ణి. ఇక్కడ తల ఒకటే. చివరికి ఒక ఉపాయం చెప్పాను: మహబూబాబాద్‌లోనే సెలూన్‌లో గుండు, పూజ ఉండదు, జుట్టు నేను ఊరికి తెస్తాను. చెల్లెకు అది క్షవరం, అమ్మకు మొక్కు.

అమ్మ ఫోన్‌లో నవ్వింది. "ఎల్లమ్మకు పార్సిల్ పంపుతవా, ఇంజనీరూ?"

చెల్లె నవ్వలేదు. "నీకు ఎల్లమ్మా లేదు, ఏసూ లేడు గదన్నా, అందుకే గంత అల్కగ పంచుతున్నవ్. ఎంట్రుకలు ఇస్తే, నా కొడుకును ఎవరు బతికించిన్రని ఒప్పుకున్నట్టు?"

ఆ మంచం పక్కన ఎవరికీ ఏ మాటా ఇవ్వనివాణ్ణి నేనొక్కణ్ణే.

ఎండాకాలంలో అమ్మ, మనుమడికి బదులుగా, తానే తలనీలాలు ఇవ్వడానికి ఎల్లమ్మ గుడి ముందు కూర్చుంది. నడుము దాకా ఉన్న జుట్టు. మొదటి పాయ నాతోనే కత్తిరింపించుకుంది.

తరువాతి వారం పిల్లవాడితో వచ్చిన చెల్లె అమ్మ గుండు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదంత నా మీద పెట్టినవ్ గదనే అమ్మా!"

"నీ మీద ఏం పెట్టలే. నా మొక్కు, నా నెత్తి."

చెల్లె చాలాసేపు ఏడ్చింది. తరువాత కొబ్బరినూనె తెచ్చి ఆ గుండుకు రాసింది. పిల్లవాడు కూడా చెయ్యేసి రుద్ది నవ్వాడు.

"అన్నా," అంది చెల్లె, చేతులు తుడుచుకుంటూ, "వాణ్ణి సెలూన్‌కు తీస్కపో. ఎంట్రుకలు కండ్లల్ల పడుతున్నయ్."

నేను అమ్మ వైపు చూశాను.

"పో," అంది.

సెలూన్‌లో వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, కత్తెర పడుతుంటే నేను కళ్లు మూసుకున్నాను. కింద పడ్డ జుట్టును చీపురుతో మూలకు ఊడ్చారు. దాన్ని అక్కడే వదిలి వచ్చాను. ఇంట్లో ఎవరూ దాని గురించి అడగలేదు.